సిజేరియన్ కుట్టులో గర్భం

పోయినేడు శ్రావణమాసంలో మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, నాకు క్యాన్సర్ మందు ఇస్తారట" అంది. నా చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

దానికి అప్పటికి నెల తప్పి రెండు వారాలు. మొదటి కాన్పు సిజేరియన్. కాస్త రక్తం కనబడితే దగ్గర్లో స్కాన్ తీయించుకుంది. అక్కడ "గర్భం జారిపోతోంది, కడిగించేసుకోండి" అన్నారు. ఎందుకో మనసొప్పక ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లింది. ఆవిడ లోపలి నుంచి స్కాన్ చేసి చూపించిందట: గర్భసంచి ఖాళీ, కింద ముఖద్వారమూ ఖాళీ. పిండం మాత్రం పాత కోత మానిన చోట, గోడలో ఇరుక్కుంది. దానికీ మూత్రాశయానికీ మధ్య పల్చటి పొరంత కండ. అక్కడ చూడకుండా కడిగి ఉంటే రక్తం ఆగేది కాదని ఆవిడ చెప్పింది.

నేను చదివింది తెలుగు బి.ఏ. డాక్టరీ నాకేం తెలుసు? కానీ ఆ రాత్రి నిద్ర పట్టక చదువుతూ కూర్చున్నాను. ఒక సంగతి ఆశ్చర్యంగా అనిపించింది. ఇది పాతకాలపు జబ్బు కాదు. ఎందుకంటే ఒకప్పుడు కుట్టే లేదు! కడుపు కోసి బిడ్డను తీసినా, సంచి తనంతట తానే ముడుచుకుంటుందని కుట్టకుండా వదిలేసేవారట. చాలామంది తల్లులు రక్తం పోయో, చీము పట్టో చనిపోయేవారు. 1876లో ఇటలీలో పోర్రో అనే డాక్టరు తల్లిని బతికించడానికి సంచినే తీసేశాడు. 1882లో జర్మనీలో మాక్స్ సేంగర్ వెండి తీగతో, పట్టుదారంతో సంచిని కుట్టే పద్ధతి చెప్పాకే తల్లి బతకడం, మళ్లీ కడుపు పండడం మొదలైంది. అంటే తల్లులు బతికారు కాబట్టే ఈ చిక్కు వచ్చిందన్నమాట.

తర్వాత గ్లాస్గోలో మన్రో కెర్, కింది భాగంలో అడ్డంగా కోసే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. ఇప్పుడు మనందరికీ ఉండే కోత అదే. అదే ఊళ్లో ఇయాన్ డొనాల్డ్ 1958లో అల్ట్రాసౌండ్ బొమ్మలు ప్రచురించాడు. కోతా అక్కడే, దాన్ని చూసే కన్నూ అక్కడే! అయినా కుట్టులో గర్భం గురించి మొదటి నివేదిక 1978లో గానీ రాలేదు. అదీ దక్షిణాఫ్రికాలో, గర్భం పోయాక రక్తం ఆగని ఒకావిడ గురించి.

ఇక ఆ "క్యాన్సర్ మందు". పేరు మెథోట్రెక్సేట్. అది తయారైంది అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వంలో. మనం కడుపుతో ఉన్నప్పుడు మింగే ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసిందీ ఆ బృందమే, దానికి ఎదురు నిలిచే ఈ మందు చేసిందీ ఆ బృందమే. ఆయన 1948లో పోయారు. 1956లో మాయ కణాల నుంచి పుట్టే క్యాన్సర్‌కి ఈ మందు పనిచేసింది. మాయ కణాలు పెరగకుండా ఆపుతుంది కదా అని, 1982లో జపాన్ డాక్టర్లు చోటు తప్పిన గర్భానికి వాడారు.

ఇదంతా తెల్లారి చెల్లెలికి చెప్పాను. "సుబ్బారావుగారా? మన గోదావరి ఆయనా?" అంది. ఏడుపు గొంతులోనే కొంచెం నవ్వింది.

రక్తస్రావం పెద్దగా లేదు, పిండానికి ఇంకా గుండె చప్పుడు రాలేదు, బీటా హెచ్‌సీజీ తక్కువే కాబట్టి ఇంజెక్షన్ ఇచ్చి చూద్దామన్నారు. కాకపోతే స్కాన్ చూస్తూ పీల్చి తీయడమో, ఆపరేషన్ చేసి ఆ చోటు మళ్లీ కుట్టడమో చేయాల్సి వచ్చేది. ఫోలిక్ యాసిడ్ మాత్రలు ఆపేయమన్నారు. వారం వారం రక్తపరీక్ష. అంకె తగ్గడానికి ఎంత కాలం పట్టిందో! మా అమ్మ ప్రతి సోమవారం ఫోన్ దగ్గరే కూర్చునేది.

తొమ్మిదో వారం చెల్లెలు ఫోన్ చేసింది. "అక్కా, ఐదు లోపుకి వచ్చేసింది. అమ్మకి నువ్వే చెప్పు, నాకు ఏడుపొస్తోంది" అంది.