గడియారాన్ని చదివేది ఎవరు? ఘటికాయంత్రం నుంచి స్మార్ట్‌వాచ్ దాకా

"స్మార్ట్‌వాచ్ నిత్యజీవితంలో నిజంగా ఉపయోగపడుతుందా?" వ్యాసం పేపర్‌లో ఇలాంటి ప్రశ్న వచ్చినా, ఇంటర్వ్యూ బోర్డు అడిగినా, చాలామంది రెండు జాబితాలు రాసేస్తారు. ఒకవైపు గుండె వేగం, అడుగుల లెక్క, కాల్ అలర్టులు. మరోవైపు ధర, బ్యాటరీ, దానికి అలవాటు పడిపోవడం. చివర్లో "సమతుల్యంగా వాడుకోవాలి" అనే ముగింపు. ఇందులో తప్పేమీ లేదు. కానీ మీ పక్కన కూర్చున్న అభ్యర్థి కూడా ఇదే రాస్తాడు.

ఈ ప్రశ్నను చరిత్ర వైపు నుంచి చూడండి. మన దేశంలో కాలాన్ని కొలిచిన ప్రతి పరికరాన్నీ ఒక్క ప్రశ్న అడగండి: ఈ గడియారాన్ని చదివేది ఎవరు? దాని వల్ల లాభం ఎవరికి, భారం ఎవరికి అన్నది ఆ జవాబులోనే తేలిపోతుంది.

1. గడియ, జాము: ఊరంతటికీ ఒక్క చప్పుడు

పాత లెక్కలో రోజుకు 60 గడియలు. ఒక్కో గడియ 24 నిమిషాలు. అడుగున సన్నని రంధ్రం ఉన్న గిన్నెను నీటి మీద వదిలితే, అది నిండి మునగడానికి పట్టే కాలమే గడియ. 'గడియారం' అనే మాటలో ఇప్పటికీ ఆ గడియే ఉంది. పంచాంగాల్లో గడియలు, విగడియలు నేటికీ కనిపిస్తాయి.

16వ శతాబ్దంలో బాబర్ తన ఆత్మకథలో హిందుస్థాన్ పట్టణాల్లోని ఘడియాలీల గురించి రాశాడు. గిన్నె మునిగినప్పుడల్లా వీళ్లు వేలాడదీసిన మందపాటి లోహపు పళ్లాన్ని మోగించేవారు. రాత్రి మధ్యలో మెలకువ వచ్చినవాడికి గడియల దెబ్బలు వినబడతాయి కానీ అది ఎన్నో జామో తెలియదు. అందుకే గడియల తర్వాత జామును తెలిపే దెబ్బలు కూడా కొట్టమని తాను ఆదేశించినట్లు బాబర్ చెప్పుకున్నాడు. ఇక్కడ గిన్నెను చూసేది ఒక్క ఘడియాలీ. వినేది మాత్రం ఊరంతా. ఎవరి కాలం ఎలా గడిచిందని అడిగేవారు లేరు.

18వ శతాబ్దంలో సవాయ్ జైసింగ్ II ఢిల్లీ, జైపూర్, ఉజ్జయిని, వారణాసి, మధురలలో జంతర్ మంతర్లు కట్టించాడు. జైపూర్‌లోని సమ్రాట్ యంత్రం ఎత్తు సుమారు 27 మీటర్లు. అంత పెద్ద రాతి యంత్రం కూడా ఆకాశాన్నే చదివింది, మనిషిని కాదు.

2. రైలు సమయం, మిల్లు సమయం

రైలు వచ్చాక లెక్క మారింది. ప్రతి ఊరూ తన సూర్యుడి ప్రకారం నడిస్తే రైళ్ల పట్టిక రాయడం కుదరదు. 1802లో మద్రాసు అబ్జర్వేటరీలో జాన్ గోల్డింగ్‌హామ్ మద్రాసు సమయాన్ని గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుగా నిర్ణయించాడు. బొంబాయి సమయం 4 గంటల 51 నిమిషాలు, కలకత్తా సమయం దాదాపు 5 గంటల 54 నిమిషాలు ముందు. మద్రాసు సమయం ఈ రెండింటికీ ఇంచుమించు మధ్యలో ఉండటంతో రైల్వేలు దాన్ని వాడుకున్నాయి.

1881లో గవర్నర్ జేమ్స్ ఫెర్గూసన్ బొంబాయిలో మద్రాసు సమయాన్ని అమలు చేయబోతే నగరం ఎదురు తిరిగింది. 1883లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1906 జనవరి 1 నుంచి 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఆధారంగా భారత ప్రామాణిక కాలం వచ్చింది. మీర్జాపూర్ పేరుతో మీరు చదువుకున్న ఈ రేఖ దక్షిణాన మన కాకినాడకు దగ్గరగా వెళుతుంది. అయినా కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ సొంత సమయాన్ని వదల్లేదు.

ఈ గొడవను చదువుకున్నవారి పట్టుదలగా మాత్రమే చూడకండి. అదే 1906 జనవరిలో బొంబాయి పత్తి మిల్లు కార్మికులు వేల సంఖ్యలో మగ్గాలు ఆపి తిరగబడ్డారు, మిల్లుపై రాళ్లు రువ్వారు. కొత్త సమయం బొంబాయి సమయం కంటే 39 నిమిషాలు ముందు. గడియారంలో అదే ఆరు గంటలు, ఆకాశంలో మాత్రం ఇంకా 5 గంటల 21 నిమిషాలే. చీకట్లో లేచి గేటు దగ్గరికి పరుగెత్తాల్సింది కార్మికుడు. ఆలస్యమైతే కూలి కోసేది యజమాని. గడియారం గేటు మీద అందరికీ కనిపిస్తూనే ఉంది, కానీ దాన్ని ఎలా చదవాలో నిర్ణయించే అధికారం ఒక్కరి దగ్గరే ఉంది.

చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇంగ్లండ్ విషయంలో ఇదే చూపించింది. పని ఎప్పుడు పూర్తయితే అప్పుడే రోజు ముగిసే పద్ధతి పోయి, గంటల లెక్కన శ్రమను అమ్ముకునే పద్ధతి వచ్చింది. కాలాన్ని కొలవడం పని క్రమశిక్షణకు సాధనమైంది. అస్సాం తేయాకు తోటల్లో ప్రామాణిక కాలం కంటే గంట ముందు నడిచే 'చాయ్‌బాగాన్ సమయం' కూడా ఈ కోవలోనిదే. పగటి వెలుగు వృథా కాకూడదన్న తోటల అవసరంలోంచి అది పుట్టింది.

3. జనం చేతికొచ్చిన గడియారం

స్వతంత్ర భారతంలో గడియారం గేటు మీద నుంచి మణికట్టు మీదికి దిగింది. 1961లో జపాన్‌కు చెందిన సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో హెచ్‌ఎంటీ గడియారాల తయారీ మొదలైంది. 'జనతా' అని ఒక మోడల్‌కు పేరు పెట్టడంలోనే ఆ కాలపు ఆశయం కనిపిస్తుంది. 1984లో టాటా గ్రూపు, తమిళనాడు ప్రభుత్వ సంస్థ టిడ్కో కలిసి టైటాన్‌ను స్థాపించాయి. క్వార్ట్జ్ ముందు కీ ఇచ్చే గడియారం నిలవలేకపోయింది. 2016లో హెచ్‌ఎంటీ గడియారాల విభాగాల మూసివేతకు కేంద్రం ఆమోదం తెలిపింది.

మొదటి జీతంతో కొన్న వాచీ, పదో తరగతి పాసైనందుకు తండ్రి కొనిచ్చిన వాచీ మన ఇళ్లలో గౌరవానికి గుర్తులు. కట్నాల జాబితాలో సైకిలు, రేడియో పక్కన వాచీ కూడా ఉండేదని మర్చిపోవద్దు. ఏదేమైనా ఈ గడియారం ఒక విషయంలో ప్రత్యేకం. దాన్ని కట్టుకున్నవాడే చదివేవాడు. మీరు ఎప్పుడు చూశారో, ఎక్కడ ఉండి చూశారో దానికి తెలియదు, ఇంకెవరికీ చెప్పదు.

4. స్మార్ట్‌వాచ్: గడియారమే మనిషిని చదివితే

స్మార్ట్‌వాచ్‌తో చూపు దిశ తిరగబడింది. గడియారం వెనుక నుంచి ఆకుపచ్చ కాంతి చర్మం మీద పడుతుంది. రక్తం ఆ కాంతిని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా తిరిగొచ్చే వెలుగులో తేడా వస్తుంది, ఆ తేడాలను లెక్కిస్తే గుండె వేగం తెలుస్తుంది. మరి ఆ చదువు ఎంతవరకు నిజం? సాక్ష్యాలు చూద్దాం.

- గుండె లయ: యాపిల్ హార్ట్ స్టడీలో 4,19,297 మంది పాల్గొన్నారు. ఫలితాలు 2019లో వచ్చాయి. వారిలో 0.52 శాతం మందికి మాత్రమే లయ తప్పిందన్న హెచ్చరిక వచ్చింది. ఆ తర్వాత ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగి పంపిన 450 మందిలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కనిపించింది. ఇది పక్షవాతం ముప్పును పెంచే స్థితి. అంటే గడియారం డాక్టరు దగ్గరికి పంపగలదు, డాక్టరు స్థానంలో కూర్చోలేదు.

- బరువు: 2016లో ప్రచురితమైన ఒక అమెరికన్ పరీక్షలో రెండేళ్ల తర్వాత, ఒంటికి ధరించే పరికరం వాడినవారు సగటున 3.5 కిలోలు తగ్గితే, అది లేకుండా మామూలు సలహాలతో సాగినవారు 5.9 కిలోలు తగ్గారు. కొలవడం వేరు, మారడం వేరు.

- పదివేల అడుగులు: ఈ అంకె 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన 'మాన్‌పో-కెయి' అనే అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. 2019లో వృద్ధ మహిళలపై జరిగిన అధ్యయనంలో సుమారు 7,500 అడుగుల తర్వాత అదనపు మేలు కనిపించలేదు.

- రక్తంలో చక్కెర: 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం ప్రకారం మన దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులు. సూది గుచ్చకుండానే చక్కెర చూపిస్తామనే గడియారాలను నమ్మవద్దని అమెరికా ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది. తప్పు అంకె చూసి ఇన్సులిన్ వేసుకుంటే ప్రాణానికే ముప్పు.

5. మళ్లీ మిల్లు గేటు దగ్గరికి

ఇప్పుడు మన మొదటి ప్రశ్నకు రండి. నాగపూర్, చండీగఢ్, పంచకుల వంటి నగరాల్లో పారిశుద్ధ్య కార్మికుల చేత జీపీఎస్ గడియారాలు కట్టించారు. హాజరు, తిరిగిన బీటు, పని గంటలు అన్నీ ఆఫీసులోని తెర మీద కనిపిస్తాయి. కార్మికులు అభ్యంతరం చెప్పారు. కూలి కోత పడుతుందేమోనని భయం. మాటలు కూడా వింటున్నారేమోనని మహిళలకు అనుమానం. గడియారం కార్మికురాలి చేతికే ఉంది. చదివేది మాత్రం ఆమె కాదు. 1906 నాటి మిల్లు గేటు ఇప్పుడు మనిషితో పాటు నడుస్తోంది.

హాజరు పట్టీలో దొంగపేర్లను అరికట్టాలన్న అధికారి వాదనలో బలం లేకపోలేదు. ప్రజాధనం లెక్క తేలాల్సిందే. అయితే రేపు మునిసిపల్ కమిషనర్ కుర్చీలో మీరు కూర్చుంటే ఇంకో ప్రశ్న కూడా వేసుకోండి. అదే పరికరం మే నెల ఎండలో రోడ్డు ఊడ్చే మనిషికి "గుండె వేగం పెరిగింది, నీడకు వెళ్లు" అని చెబుతుందా? చెబితే అది ఆమె గడియారం. చెప్పకపోతే అది మీ గడియారం, ఆమె మోస్తోంది.

వ్యక్తి దాటి దేశ భద్రత దాకా కూడా ఈ ప్రశ్న వెళుతుంది. స్ట్రావా అనే వ్యాయామ యాప్ పటంలో సైనికుల పరుగుల దారులు మెరిసి, వారి స్థావరాల ఆనవాళ్లు బయటపడ్డ విషయం 2018 జనవరిలో వెలుగు చూసింది.

6. చట్టం ఎక్కడ నిలబడింది?

2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వచ్చింది. ఇక్కడ రెండు అంశాలు గమనించండి. 2011 నాటి ఐటీ నిబంధనలు ఆరోగ్య సమాచారాన్ని సున్నితమైన డేటాగా వేరు చేశాయి. 2023 చట్టంలో అలాంటి ప్రత్యేక తరగతి లేదు. అలాగే సెక్షన్ 7 ప్రకారం ఉద్యోగ అవసరాల కోసం సమ్మతి లేకుండానే డేటాను వాడుకునే వీలుంది. నాడి కూడా ఉద్యోగ అవసరమేనా? ఈ ప్రశ్న ఇంకా తెరిచే ఉంది.

7. ముగింపు: మీ జవాబు ఎలా ఉండాలి?

గుండె జబ్బు భయం ఉన్నవారికి, ఒంటరిగా ఉండే వృద్ధులకు, పడిపోతే కబురందించే పరికరంగా స్మార్ట్‌వాచ్ ఉపయోగమే. అందులోని అంకెను కట్టుకున్న మనిషి, అవసరమైతే అతని డాక్టరు చదివినంత కాలం అది మంచి పనిముట్టు. యజమాని, బీమా సంస్థ, ప్రకటనకర్త చదవడం మొదలుపెట్టిన రోజున అది ఘడియాలీ గంట కాదు, మిల్లు గంట. కాబట్టి "ఉపయోగమా, కాదా" అని అడిగితే "ఎవరికి?" అని మొదలుపెట్టండి.

ఒక ఆచరణ మాట: యూపీఎస్సీ పరీక్ష హాల్లోకి సాధారణ చేతి గడియారం తీసుకెళ్లవచ్చు, స్మార్ట్‌వాచ్‌కు అనుమతి లేదు. మాక్ టెస్టులు కూడా మామూలు గడియారంతోనే రాయడం అలవాటు చేసుకోండి.

గుర్తుంచుకోవలసినవి

- 1802: మద్రాసు సమయం
- 1881–83: బొంబాయి సమయ వివాదం
- 1906: భారత ప్రామాణిక కాలం, మిల్లు కార్మికుల తిరుగుబాటు
- 1961: హెచ్‌ఎంటీ గడియారాలు
- 1984: టైటాన్
- 2017: పుట్టస్వామి తీర్పు
- 2023: డేటా పరిరక్షణ చట్టం

సాధన ప్రశ్న: "కాలాన్ని కొలిచే పరికరాల చరిత్ర అంటే శ్రమను అదుపు చేసిన చరిత్రే." భారతదేశ ఉదాహరణలతో విమర్శనాత్మకంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)