తాళము యంత్రమునకా, యజమానికా?

గ్రంథము కొన్నవాడు దానిని ఏ దీపము క్రింద చదువుకొన్నను అడుగువారుండరు. కంప్యూటరు ప్రోగ్రాములకు ఆ స్వేచ్ఛ కొఱవడినది.

తొలినాళ్ళలో అవి యంత్రముతోపాటే వచ్చెడివి. 1969 జూన్ 23న ఐ.బి.యం. సంస్థ కొన్నింటికి వేరుగా వెల కట్టుదునని ప్రకటించెను. వెల ఏర్పడగనే కాపలా అవసరమైనది. 1970లో వెలువడిన ఆ సంస్థ సిస్టం 370 యంత్రములలో, యంత్రపు క్రమసంఖ్యను ప్రోగ్రామే చదువగల ఏర్పాటుండెను. 2001లో విండోస్ ఎక్స్‌పీ, ప్రాసెసరు, హార్డుడిస్కు మొదలగు భాగముల గుర్తులను కలిపి యంత్రమును ఆనవాలు పట్టసాగెను. భాగములు పెక్కు మారినచో మరల అనుమతి పొందవలసినదే.

దొంగనకళ్ళను అరికట్టుట న్యాయమే. కాని యంత్రము చెడి, అనుమతి నిచ్చువారును లేకున్నచో, వెల చెల్లించినవాని వ్రాతలు వానికే అందకపోవచ్చును. శాశ్వతముగా కొన్న అనుమతిని, తన నకలు తొలగించి, వేరొకరికి అమ్ముకొనవచ్చునని 2012 జూలై 3న ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పినది. కాపలావాడు దొంగను ఆపవలెను గాని ఇంటివానిని గాదు.