పటకారు నుంచి కటింగ్ ప్లేయర్ దాకా



పొయ్యి మీది గిన్నె దించేదీ పటకారే, కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుమును పట్టేదీ పటకారే. హద్దు దాటితే పేరు మారుతుంది. కన్నడంలో ఇక్కుళ, తమిళంలో కురడు, మరాఠీలో పక్కడ్. కానీ మోటారు దగ్గర వైర్‌మన్ చేతిలో ఉన్నదాన్ని కోలారులో అడిగినా, హోసూరులో అడిగినా కటింగ్ ప్లేయర్ అనే అంటారు. ఇంగ్లీషు 'ప్లయర్స్' మన నోట్లో నలిగి అలా ఆటగాడైపోయింది.

రేడియోలో కంపెనీల పేర్లు చెప్పడం ఆనవాయితీ కాదు. అయినా పేర్లు లేకుండా దీని చరిత్ర చెప్పడం కుదరదు.

పట్టుకునే పనిముట్టు చాలా పాతదే. పట్టడం, మెలిపెట్టడం, కోయడం మూడూ చేసే పరికరానికి గిరాకీ పెంచింది మాత్రం తీగ. ముందు టెలిగ్రాఫ్ తీగ, తరువాత కరెంటు తీగ. అమెరికాలోని షికాగోలో క్లైన్ కంపెనీ వారు తమ పుట్టుక గురించి ఒక కథ చెప్పుకుంటారు. 1857లో ఒక టెలిగ్రాఫ్ లైన్‌మన్ విరిగిన ప్లేయర్ పట్టుకుని మథియాస్ క్లైన్ అనే కమ్మరి దగ్గరకు వచ్చాడట. క్లైన్ విరిగిన సగానికి బదులు కొత్త సగం కొట్టి, పాత సగంతో కలిపి రివెట్ వేసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు ఆ పాత సగమూ విరిగింది. ఈసారి దాన్నీ తనే చేసిపెట్టాడు. అలా మొత్తం ప్లేయర్ క్లైన్‌దే అయింది. మన ఊళ్ళో నాగలి కర్రుకు మొన వేసే పని గుర్తుకు రావడం లేదూ?

జర్మనీలో 1882లో గుస్టావ్ పుట్ష్ అనే మరో కమ్మరి పటకార్ల కొలిమి పెట్టాడు. అదే నేటి క్నిపెక్స్. ఇప్పటికీ ఆ కుటుంబం చేతుల్లోనే ఉంది, ఇప్పటికీ ప్రధానంగా చేసేది ప్లేయర్లే.

మన దేశానికి వస్తే, మహారాష్ట్రలోని నాసిక్‌లో టపారియా వారు ఒక స్వీడన్ కంపెనీ సాంకేతిక సహకారంతో 1969లో చేతి పనిముట్ల తయారీ మొదలుపెట్టారు. పంజాబ్‌లోని జలంధర్, రాజస్థాన్‌లోని నాగౌర్ కూడా ఈ పనికి పేరు పొందిన ఊళ్ళే. 2001లో దిగుమతుల మీద పరిమాణ ఆంక్షలు ఎత్తేశాక విదేశీ సరుకూ అంగళ్ళకు చేరింది.

మరి ఏది కొనాలి? జర్మన్ ప్లేయర్ కోతలో మేలు, సందేహం లేదు. దాని కోత అంచును విద్యుత్తుతో వేడిచేసి ప్రత్యేకంగా గట్టిపరుస్తారు. అయితే ధర మన ప్లేయర్‌కు ఎన్నో రెట్లు. రాగి, అల్యూమినియం తీగలు కోసే మామూలు వైర్‌మన్‌కు అంత అవసరం లేదని నా అభిప్రాయం. నాసిక్ రకం సరిపోతుంది. సంతలో పేరు లేకుండా, లేదా పేరులో ఒక్క అక్షరం మార్చి అమ్మేదే అసలు నష్టం. ధర సగమే, కానీ కొద్ది నెలలకే కీలు వదులై దవడలు పక్కకు జారతాయి. కొనేముందు మూసి వెలుతురుకు ఎత్తి చూడండి. కోత అంచుల మధ్య సందు కనిపించకూడదు. పలుచని కాగితం పెట్టి కోయండి, చిరగకుండా తెగాలి. ఐ.ఎస్.ఐ. గుర్తు పైన 3650 నంబరు ఉందేమో చూడండి. కటింగ్ ప్లేయర్‌కు మన దేశ ప్రమాణం అది. ఇంత చూసి కొన్నదానితో సైకిల్ పుల్ల కోశారంటే మాత్రం అంచు పోవచ్చు.

ఇక ప్రాణం సంగతి. పిడికి ప్లాస్టిక్ తొడుగు ఉంటే చాలు, షాక్ కొట్టదని చాలామంది రైతుల నమ్మకం. మామూలు తొడుగు పట్టు కోసం వేసింది. కరెంటు పనికి పరీక్షించిన ప్లేయర్ మీద రెండు త్రికోణాల గుర్తు, 1000 వోల్టులు అని ముద్ర ఉంటాయి. అలాంటి ఒక్కొక్కదాన్నీ నీటిలో ఉంచి 10,000 వోల్టులతో పరీక్షించాకే బయటకు పంపుతారు. మన బోరు మోటారుకు వచ్చేది 415 వోల్టులు. ఆ ముద్ర ఉన్నదైనా మెయిన్ తీశాకే స్టార్టర్ మూత విప్పండి. తొడుగు చిట్లితే టేపు చుట్టి వాడకండి, ఆ ప్లేయర్‌ను కంచె ముళ్ళతీగకు కేటాయించండి.