రాని సిగ్నల్ కోసం ఎదురుచూసే చార్జరు

మా అక్క కొడుకు పేరు చెప్పి నేను కొనుక్కున్న రిమోట్ కారుతో వచ్చిన తంటా ఇది. (వాడికి నాలుగేళ్ళు. రిమోట్ వాడి చేతికిచ్చింది మొత్తమ్మీద రెండుసార్లు.) కారుతో వచ్చిన నికెల్ మెటల్ హైడ్రైడ్ ప్యాక్ పది నిమిషాలకే నీరసపడుతోందని షాపుకెళ్తే లిథియం పాలిమర్ ప్యాక్ ఒకటి చేతిలో పెట్టారు. "పాతది 7.2 వోల్టులు, ఇది 7.4. ప్లగ్గు కూడా అదే సార్, మీ చార్జరే సరిపోతుంది" అన్నారు. ఇంజినీరింగ్ చదివినవాణ్ణి, బుద్ధిగా తలూపాను. రాత్రి మంచినీళ్ళకని లేచి చూస్తే ప్యాక్ పూరీలా పొంగి ఉంది. పక్కగదిలో అక్కావాళ్ళు నిద్రపోతున్నారు. ప్లగ్గు పీకి, మందపాటి గుడ్డతో పట్టుకుని, బాల్కనీలో ఎండిన పూలకుండీలో పడేసి తెల్లారేదాకా కాపలా కాశాను.

ముందు షాపాయన్ని తిట్టుకున్నాను, తర్వాత నన్ను. అసలు ఇలా ఎందుకయిందని చదువుతూపోతే 1899 దాకా వెళ్ళాల్సొచ్చింది.

ఆ ఏడాది స్వీడన్‌లో వాల్డెమార్ యుంగ్నర్ నికెల్ కాడ్మియం బ్యాటరీ కనిపెట్టాడు. దాన్ని పూర్తిగా మూసేసిన సెల్‌గా చెయ్యడానికి మాత్రం ఇరవయ్యో శతాబ్దం మధ్యదాకా పట్టింది. కిటుకంతా అక్కడే ఉంది. నిండాక కూడా కరెంటు పోస్తే లోపల ఆక్సిజన్ పుడుతుంది. మూసిన సెల్‌లో అది అవతలి ప్లేటు దగ్గరకెళ్ళి మళ్ళీ కలిసిపోతుంది, మిగిలేది కాస్త వేడి. అంటే సెల్ కెపాసిటీలో పదోవంతు కరెంటుతో పద్నాలుగు గంటలు పెట్టాల్సింది పదహారు గంటలు పెట్టినా కొంపలంటుకోవు. అందుకే ఆ కాలపు చార్జరంటే ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక డయోడు, ఒక రెసిస్టరు. ఆపే బాధ్యత మనిషిది. కాస్త మరిచిపోయినా బ్యాటరీ క్షమించేది.

1976లో జపాన్ కంపెనీ టామియా తన మొదటి రేడియో కంట్రోల్ కారు, పోర్షే 934ని తెచ్చింది. పిల్లల సరదా కాస్తా పెద్దవాళ్ళ రేసులయింది. రేసుకీ రేసుకీ మధ్య పద్నాలుగు గంటలు ఎవడు కూర్చుంటాడు? కరెంటు పెంచారు, టైమర్లు పెట్టారు. కానీ ప్యాక్ ఖాళీగా ఉందో సగం నిండి ఉందో టైమర్‌కేం తెలుసు?

ఆ తర్వాత వచ్చిన ఉపాయం నాకు భలే నచ్చింది. నికెల్ సెల్ నిండగానే పోస్తున్న కరెంటంతా వేడిగా మారి, అప్పటిదాకా ఎక్కుతున్న వోల్టేజి కొంచెం వెనక్కి జారుతుంది. కాడ్మియం సెల్ అయితే సుమారు 10 నుంచి 20 మిల్లీవోల్టులు. చార్జరు ఆ జారుడు కోసం కాపేసి, కనిపించగానే ఆపేస్తుంది. మెటల్ హైడ్రైడ్ వచ్చాక ఆ జారుడు 5 మిల్లీవోల్టులకో అంతకన్నా తక్కువకో పడిపోయింది. అందుకే మంచి చార్జర్లలో ఉష్ణోగ్రతకీ సమయానికీ కూడా హద్దులు పెట్టారు.

ఇక లిథియం. 1970లలో విటింగ్‌హామ్, 1980లో గుడెనఫ్, 1985లో యోషినో చేసిన పని 1991లో సోనీ ద్వారా మార్కెట్లోకొచ్చింది. ముగ్గురికీ 2019లో నోబెల్ వచ్చింది. ఆ కథ మీకు తెలిసే ఉంటుంది. మన గొడవకి కావాల్సింది ఒక్కటే: ఈ సెల్‌లో ఎక్కువైన కరెంటుని సర్దుకునే ఏర్పాటు లేదు. నిండాక వోల్టేజి వెనక్కి జారదు, ఎక్కుతూనే పోతుంది. లోపల లిథియం లోహం పేరుకుంటుంది, ద్రావకం విరిగి గ్యాసవుతుంది. నా పూరీ అదే. జారుడు కోసం చూసే పాత చార్జరుకి దీన్ని తగిలిస్తే, ఎప్పటికీ రాని ఈవెంట్ కోసం వెయిట్ చేసే లూప్ రాసినట్టే. నా చార్జరైతే ఆ మాత్రం కూడా చూడదు, యుంగ్నర్ మనవడి రకం.

లిథియం చార్జరు వేరేగా పనిచేస్తుంది. సెల్‌కి 4.2 వోల్టులు వచ్చేదాకా ఒకే కరెంటు, అక్కణ్ణుంచి ఒకే వోల్టేజి. కరెంటు తగ్గుతూ తగ్గుతూ మొదటిదాంట్లో పదోవంతుకి వచ్చాక కట్. నా ప్యాక్‌లో రెండు సెల్స్, అంటే 8.4. ఇక్కడా ఓ మెలిక ఉంది. ఒకటి 4.1, ఇంకోటి 4.3 ఉన్నా మొత్తం 8.4 అనే కనిపిస్తుంది! లోపల ఒకటి చస్తున్నట్టు బయటికి తెలీదు. ప్యాక్ పక్కన వేలాడే మూడు సన్నని వైర్లు అందుకే, ఒక్కో సెల్‌నీ విడిగా చూడ్డానికి. వాటిని నేను స్పేర్ వైర్లనుకున్నాను.

అందుకని ఈసారి లిథియం మోడ్, ఆ మూడు వైర్లకి చోటు, సెల్స్ తనే లెక్కపెట్టుకునే తెలివి ఉన్న చార్జరు కొన్నాను. 2200 మిల్లీయాంపియర్ అవర్ ప్యాక్‌కి 2.2 యాంపియర్లు దాటించను. అలాగని చార్జరు మంచిదైతే చాలదు. 2006 ఆగస్టులో డెల్ 41 లక్షల లాప్‌టాప్ బ్యాటరీలు వెనక్కి రప్పించింది, సోనీ సెల్స్‌లో తయారీలోనే లోహపు నలకలు చేరాయని. కాబట్టి ఇప్పుడు చార్జింగంతా బాల్కనీలో టైల్స్ మీద, నేను మెలకువగా ఉన్నప్పుడే.

పాత చార్జరు పారెయ్యలేదు, పాత ప్యాక్‌కి పనికొస్తుంది. కొత్త లిథియం ప్యాక్‌కి మాత్రం వేరే రకం ప్లగ్గు వేయించాను. నేను మళ్ళీ మరిచిపోయినా అందులో దూరదు.