ఇంటిపేరు మహిమ

'సొమ్మొకడిది, సోకొకడిది' అన్న సామెత పుట్టించిన పెద్దలు, సొమ్ముగలవాడూ సోకుచేసుకునేవాడూ ఇరుగుపొరుగు ఇళ్ళల్లో ఉంటారనుకున్నారు కాబోలు. ఇద్దరూ ఒకే కప్పుకింద, ఒకే ఇంటిపేరుతో కాపురం చేస్తూంటే సొమ్మెవరిదో తేల్చడం ఎంత కష్టమో వాళ్ళ ఊహకి తట్టినట్టు లేదు. అమెరికాలో ఆ సంగతి తేలడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. ఇది కట్టుకథ కాదు. కోర్టుకెక్కిన కథ.

మొహంలో సగం కళ్ళే ఉన్న పిల్లల బొమ్మలు మీరెక్కడో చూసే ఉంటారు. ఏ గోడవారనో, ఏ మెట్లమీదో ఒంటరిగా నిలబడి, చంకలో ఒక పిల్లికూనని పెట్టుకుని, బిక్కమొహంతో మనవంకే చూస్తూంటారు. మన బాపుగారి బొమ్మకీ కళ్ళు పెద్దవే. కాని ఆ కళ్ళలో కొంటెతనం ఉంటుంది, అడిగినదానికి తడుముకోకుండా జవాబు చెబుతాయి. ఈ పిల్లల కళ్ళు జవాబు చెప్పవు, మననే ఏదో అడుగుతాయి. 1960 ప్రాంతాల్లో వీటి అచ్చుప్రతులు అమెరికాలో పచారీ కొట్లలోనూ, పెట్రోలు బంకుల్లోనూ కూడా అమ్ముడుపోయాయి. జోన్ క్రాఫర్డ్, నటాలీ వుడ్, జెర్రీ లూయిస్ వంటి సినిమావాళ్ళు కోరి మరీ తమ బొమ్మలు వేయించుకున్నారు. ప్రతి బొమ్మకీ ఓ మూల ఒక్కటే మాట సంతకం: కీన్.

కీన్ అంటే వాల్టర్ కీన్ అని లోకం అనుకుంది. అనుకోక ఏం చేస్తుంది? ఆయనే చెబుతున్నాడాయె. యుద్ధం ముగిసిన కొత్తలో తను బెర్లిన్ వెళ్ళాననీ, అక్కడ ఆకలితో అలమటించే పిల్లల కళ్ళు చూసి గుండె చెరువైపోయిందనీ, ఆ కళ్ళే తన కుంచెలోకి దిగాయనీ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. తనను ఎల్ గ్రెకో అంతటివాడితో పోల్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. మాటల మనిషి. అంతకుముందు చేసిన పని ఇళ్ళూ స్థలాలూ అమ్మిపెట్టడం.

బొమ్మలు వేసింది ఆయన భార్య మార్గరెట్.

ఈవిడ 1927లో టెన్నెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో పుట్టింది. రెండేళ్ళ వయసులో చెవికి శస్త్రచికిత్స జరిగి వినికిడి దెబ్బతింది. ఎదుటివాళ్ళు ఏమంటున్నారో సరిగా వినపడక వాళ్ళ కళ్ళల్లోకి చూసి గ్రహించడం అలవాటైందనీ, తన బొమ్మల్లో కళ్ళకంత చోటు దొరకడానికి అదే మొదలనీ ఆవిడ తరవాత చెప్పింది. మొదటి పెళ్ళి చెడింది. ఒక కూతురు. ఆ పిల్లని వెంటబెట్టుకుని శాన్‌ఫ్రాన్సిస్కోలో బతుకుతున్న రోజుల్లో, 1953లో, ఆరుబయట బొమ్మలు అమ్ముకునే సంతలో వాల్టర్ పరిచయమయ్యాడు. నవ్వుతూ నవ్విస్తూ ఉండే మనిషి. 1955లో హోనలూలూలో పెళ్ళి చేసుకున్నారు. ఈ ఊరి పేరు కాస్త గుర్తుపెట్టుకోండి.

వాల్టర్ ఆవిడ బొమ్మలు పట్టుకెళ్ళి శాన్‌ఫ్రాన్సిస్కోలోని 'హంగ్రీ ఐ' అనే నైట్‌క్లబ్బులో అమ్మేవాడు. పెళ్ళాం బొమ్మలు మొగుడు అమ్మిపెట్టడంలో తప్పేముంది, సంతోషించాలి. ఒకనాటి రాత్రి ఆవిడా వెంట వెళ్ళింది. వాల్టర్ కొనేవాళ్ళతో కబుర్లు చెబుతూంటే తనో మూల కూచుంది. ఎవరో పెద్దమనిషి దగ్గరకొచ్చి, "మీరు కూడా బొమ్మలు వేస్తారా?" అని అడిగాడట.

ఆ 'కూడా'లోనే ఉంది కథంతా.

ఇంటికొచ్చి నిలదీసింది. వాల్టర్ దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి. వేసినవాడి చేతిమీదుగా కొనుక్కోవాలనే జనానికి సరదా. మనకి డబ్బు అవసరం. ఇప్పుడు కాదంటే కొన్నవాళ్ళు మోసమంటూ కోర్టుకీడుస్తారు. కావాలంటే నాకే వేయడం నేర్పు, అప్పుడు అబద్ధం నిజమైపోతుందిగా! ఆవిడ నేర్పబోయింది. ఆయనకి రాలేదు. రాకపోతే, నువ్వు సరిగ్గా నేర్పడం లేదని ఆవిడ మీదే విసుక్కున్నాడట. చదువు రాని శిష్యుడు పంతుల్ని తిట్టడం అన్ని దేశాల్లోనూ ఉన్నదే.

మోసం ఇంత సులువుగా సాగిపోవడానికి కారణం ఆ సంతకమే. పరాయివాడి బొమ్మ మీద పేరు మార్చాలంటే పాత సంతకం చెరపాలి, కొత్తది పెట్టాలి. ఇక్కడ చెరపాల్సిన పనే లేదు. పెళ్ళితో వచ్చిన ఇంటిపేరు ఆవిడ తన చేత్తో తనే రాసుకుంది. ఆ పేరుకి ముందు మగవాణ్ణి ఊహించుకునే పని లోకమే చూసుకుంది.

ఆ మాటకొస్తే మన దగ్గరా పేర్ల తమాషాలు తక్కువేం కాదు. నవలారాజ్యాన్ని రచయిత్రులు ఏలుతున్న రోజుల్లో, ఆడపేరు ఉంటే తప్ప అచ్చు కాదని చీర కట్టిన మగ కలంపేర్లు ఎన్ని లేవు! భార్యాభర్తలిద్దరూ కలిసి 'బీనాదేవి' అనే ఒక్క పేరుతో మంచి కథలూ నవలలూ రాశారు. కాని అది ఇద్దరూ ఒప్పుకుని పెట్టుకున్న పేరు. ఇద్దరి సొమ్మూ అందులో ఉంది. కీన్ దంపతుల సంగతి అలాంటిది కాదు. సొమ్మంతా ఒకరిది, నోరంతా ఇంకొకరిది.

డబ్బొచ్చింది. ఈతకొలనున్న భవంతి వచ్చింది. కొలను పక్కన వాల్టర్ అతిథులతో విందుల్లో మునిగి ఉంటే, లోపల కిటికీ తెరలు దించి, తలుపు గడియపెట్టుకుని మార్గరెట్ రోజుకి పదహారు గంటలు బొమ్మలు వేసేది. పనివాళ్ళకి ఆ గదిలోకి రావడానికి వీల్లేదు. ఆయన ఊళ్ళో లేకపోతే, ఆవిడ ఇల్లు కదిలిందేమోనని గంటగంటకీ ఫోను చేసేవాడట. అన్నిటికంటే నా మనసుకి కష్టం కలిగించినది మరొకటి: కన్నకూతురి దగ్గర కూడా ఆ గుట్టు దాచింది.

ఇంకా చిత్రం వినండి. భార్యకీ కొంచెం కళ ఉందని చూపించడానికి ఆవిడ చేత వేరే రకం బొమ్మలు కూడా వేయించారు. పొడుగు మెడలూ కోలకళ్ళూ ఉన్న స్త్రీలు. వాటి మీద ఆవిడ పొడి అక్షరాలు చేర్చి సంతకం. అంటే గోడకి ఇటు భర్తగారి బొమ్మలు, అటు భార్యగారి బొమ్మలు, రెంటికీ కుంచె ఒక్కటే.

మరి ఎందుకు నోరు విప్పలేదు అంటారు. ఇప్పుడు కూచుని అడగడం తేలిక. అవి 1950లు. ఒకసారి విడాకులు తీసుకున్న మనిషి, చేతిలో పిల్ల, డబ్బంతా ఆయన గుప్పిట్లో. నోరు విప్పితే చంపిస్తానని బెదిరించాడని కూడా ఆవిడ తరవాత చెప్పింది. పైగా మొదటి రోజు అబద్ధానికి 'ఊఁ' కొట్టిన మనిషి పదో ఏట 'ఉహుఁ' అంటే, ఈ పదేళ్ళూ నువ్వేం చేశావని అడుగుతారు.

1964లో న్యూయార్కులో ప్రపంచ ప్రదర్శన జరిగింది. దానికోసం 'టుమారో ఫరెవర్' అనే పెద్ద బొమ్మ తయారైంది. అన్ని జాతుల పిల్లలూ దాదాపు వందమంది, కనుచూపుమేర అవే కళ్ళు. జాన్ కెనడే అనే విమర్శకుడు పత్రికలో దుమ్మెత్తిపోశాడు. పిల్లలు వందమంది కాబట్టి మామూలు కీన్ బొమ్మకంటే ఇది వందరెట్లు అధ్వాన్నం అన్న ధోరణిలో రాశాడు. నిర్వాహకులు బొమ్మని ప్రదర్శన నుంచి తప్పించారు. కోపం వచ్చింది వాల్టర్‌కి. నిజానికి ఆ రాయి తగలవలసింది ఎవరికి? పొగడ్త రానప్పుడు కనీసం తిట్టయినా తనకి రావాలి కదా వేసినావిడకి! అదీ దక్కలేదు.

ఆ బొమ్మలు అంత గొప్పవా అంటే, కెనడే మాటలో కొంత నిజం ఉందనే నాకనిపిస్తుంది. ఒకటి చూస్తే జాలేస్తుంది, పది చూస్తే ఇక చాలనిపిస్తుంది. కాని బొమ్మ మంచిదా కాదా అన్నది ఒక వ్యాజ్యం, అది ఎవరిదన్నది వేరే వ్యాజ్యం. సాదా గాజుల జత దొంగిలించినా దొంగతనమే కదా.

అదే ఏడు విడిపోయారు. మరుసటి ఏడు విడాకులు. ఆవిడ హవాయి దీవులకి వెళ్ళిపోయింది. వెళ్ళినా, రహస్యంగా బొమ్మలు వేసి పంపుతానని ఆయనకి మాటిచ్చింది, ఇరవయ్యో ముప్ఫయ్యో పంపింది కూడా! సంకెల ఊడినా నడక మారడానికి టైము పడుతుంది. ఈలోగా 1965లో 'లైఫ్' పత్రిక, ఆ పెద్ద కళ్ళు వేసే మగమహారాజు ఈయనేనంటూ పెద్ద వ్యాసమే వేసింది. హవాయిలో ఆవిడ యెహోవా సాక్షుల మతంలో చేరింది. ఇక అబద్ధం ఆడకూడదన్న పట్టుదల అక్కడే కుదిరిందని చెప్పుకుంది. 1970లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది, ఆ సంవత్సరమే రేడియోలో నిజం బయటపెట్టింది. శాన్‌ఫ్రాన్సిస్కో యూనియన్ స్క్వేర్‌లో నలుగురి ఎదుటా ఇద్దరం వేద్దాం రమ్మని సవాలు చేస్తే, ఆవిడ వచ్చింది, విలేఖరులు వచ్చారు, వాల్టర్ రాలేదు.

అయినా మానలేదు. 1984లో ఒక పత్రికతో, నేను చచ్చిపోయాననుకుని ఆవిడ ఆ బొమ్మలు తనవంటోందని అన్నాడు. మార్గరెట్ పరువునష్టం దావా వేసింది. 1986లో విచారణ జరిగింది హోనలూలూలో, వాళ్ళ పెళ్ళి జరిగిన ఊళ్ళోనే. వాల్టర్ లాయరును పెట్టుకోకుండా తనే వాదించుకున్నాడు. మాటకారి కదా. మూడు వారాలు మాటలు నడిచాయి. చివరికి జడ్జిగారు ఇద్దరినీ అక్కడే కోర్టుహాల్లో చెరో బొమ్మ వేయమన్నారు.

వాల్టర్‌కి భుజం నొప్పి వచ్చింది.

మార్గరెట్ కూచుని 53 నిమిషాల్లో కంచె వెనకనుంచి తొంగిచూసే పిల్లాణ్ణి వేసి ఇచ్చింది, ఆ కళ్ళతో సహా. జ్యూరీ ఆవిడ పక్షాన నిలిచి నలభై లక్షల డాలర్లు ఇప్పించమంది. 1990లో పై కోర్టు, పరువునష్టం తీర్పు సరైనదేగాని సొమ్ము మాత్రం చెల్లదని కొట్టేసింది. అప్పటికి వాల్టర్ చేతిలోనూ ఏం మిగల్లేదనుకోండి. డబ్బు తనకి ముఖ్యం కాదని ఆవిడ అంది.

వాల్టర్ 2000లో పోయాడు, చివరిదాకా ఆ బొమ్మలు నావేనంటూ. 2014లో టిమ్ బర్టన్ 'బిగ్ ఐస్' పేరుతో ఈ కథని సినిమా తీశాడు. మార్గరెట్ 2022లో తొంభైనాలుగో ఏట కన్నుమూసింది. హవాయిలో వేసిన బొమ్మల్లో రంగులు తేరుకున్నాయి, పిల్లలు నవ్వడం నేర్చారు. సంతకం మాత్రం 'కీన్' అనే ఉండిపోయింది. లోకం ఆ బొమ్మల్ని గుర్తుపట్టేది ఆ పేరుతోనే. కోర్టులో పోరాడి గెలుచుకున్నది కూడా, చూడబోతే, ఆయనగారి ఇంటిపేరే.

కోర్టుహాల్లో వేసిన బొమ్మకి మాత్రం ఆవిడ వేరే పేరు వెతకలేదు. సాక్ష్యాల పట్టికలో దానికి పడిన అంకెనే ఉంచేసింది: 'ఎగ్జిబిట్ 224'.