అండమాన్ ఆదివాసీలకు వైరస్‌లతో అంత ముప్పు ఎందుకు? పరిశోధనలు ఏం చెబుతున్నాయి?

ఒకప్పుడు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీవిజయపురంలో, మిడిల్ పాయింట్ ప్రాంతంలో ఒక ఆంత్రోపాలజీ మ్యూజియం ఉంది. గ్రేట్ అండమానీలు, ఓంగీలు, జారవాలు, సెంటినలీలు, నికోబారీలు, షోంపెన్‌ల జీవితాన్ని చూపే వస్తువులు అందులో ఉన్నాయి. వీరిలో గ్రేట్ అండమానీలు ఒకప్పుడు వేలల్లో ఉండేవారు. 1858లో బ్రిటిష్ వారు ఇక్కడ ఖైదీల స్థావరం పెట్టాక బయటి రోగాలు వారిలోకి చేరాయి. 1877లో ప్రబలిన తట్టు చాలామందిని బలితీసుకుంది. 1961 జనాభా లెక్కల నాటికి వారు 19 మందే మిగిలారు.

వైరస్‌కు మన శరీరం ఎలా స్పందిస్తుందో ప్రయోగశాలలో తెలుసుకుని, ఆ ఫలితాన్ని టీకాగానో చికిత్సగానో జనానికి చేర్చడాన్ని ట్రాన్స్‌లేషనల్ రీసెర్చ్ అంటారు. కొన్ని పదుల మందే మిగిలిన తెగకు అది మనుగడకు సంబంధించిన విషయం.

రోగనిరోధక శక్తి తక్కువా?

ఆదివాసీలకు రోగనిరోధక శక్తి తక్కువ అని తరచూ వింటుంటాం. ఆ మాట పూర్తిగా సరికాదు. ఏ వైరస్ అయినా మొదటిసారి సోకినప్పుడు శరీరం దాన్ని గుర్తించి, తగిన యాంటీబాడీలు, టి కణాలు తయారుచేసుకోవడానికి రోజులు పడుతుంది. ఆ తర్వాత కొన్ని కణాలు ఆ వైరస్‌ను గుర్తుపెట్టుకుంటాయి. అది మళ్లీ వస్తే వెంటనే ఎదుర్కొంటాయి.

తట్టు ఎప్పుడూ రాని తెగలో ఈ జ్ఞాపకం ఎవరికీ ఉండదు. పిల్లలు, పెద్దలు, ముసలివాళ్లు ఒకేసారి మంచాన పడతారు. నీళ్లు తెచ్చేవారు, తిండి వెతికేవారు కూడా మిగలరు. అందుకే మరణాలు మరింత పెరుగుతాయి. 1999లో జారవాల్లో తట్టు వచ్చినప్పుడు వైద్యం అందుబాటులో ఉండటంతో 1877 నాటి పరిస్థితి రాలేదు.

హైదరాబాద్ పరిశోధన చెప్పింది

దీనికి జన్యువుల కోణం కూడా ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 227 జనసమూహాలకు చెందిన 1,600 మందికి పైగా వ్యక్తుల జన్యు సమాచారాన్ని పరిశీలించారు. ఆ ఫలితాలు 2021లో వెలువడ్డాయి. ఓంగీలు, జారవాల వంటి చిన్న సమూహాల్లో తల్లి నుంచి, తండ్రి నుంచి వచ్చిన జన్యుభాగాలు చాలాచోట్ల ఒకేలా ఉన్నాయని, కొవిడ్ ముప్పు వీరికి ఎక్కువగా ఉండొచ్చని వారు తేల్చారు.

వేల ఏళ్లుగా చిన్న సమూహంగానే ఉండిపోతే వైవిధ్యం తగ్గుతుంది. వైరస్ ముక్కలను టి కణాలకు చూపించే హెచ్ఎల్ఏ జన్యువుల్లో రకాలు తగ్గితే, ఒకరిని తీవ్రంగా దెబ్బతీసిన వైరస్ చాలామందినీ అలాగే దెబ్బతీయవచ్చు. అయితే ఇది ముప్పు అంచనా మాత్రమే. 2020 ఆగస్టులో 10 మంది గ్రేట్ అండమానీలకు కొవిడ్ సోకగా, వారు కోలుకున్నారు.

హెపటైటిస్-బి: దీవుల నుంచి టీకా దాకా

పరిశోధన జనానికి ఉపయోగపడిన ఉదాహరణ హెపటైటిస్-బి. ఐసీఎంఆర్ 1983లో పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ వైద్య పరిశోధన కేంద్రాన్ని నెలకొల్పింది. ఆ కేంద్రం జరిపిన రక్త పరీక్షల్లో ఈ వైరస్ ఆదివాసీ తెగల్లో దేశ సగటు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. నికోబారీల్లో పరీక్షించిన వారిలో ఐదో వంతుకు పైగా, జారవాల్లో సగానికి పైగా దీని బారిన పడినట్లు తేలింది.

వయసు ఇక్కడ కీలకం. పసికందుగా ఉన్నప్పుడు సోకితే దాదాపు 90 శాతం మందిలో ఈ వైరస్ జీవితాంతం ఉండిపోతుంది. తర్వాత అది కాలేయ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. పెద్దయ్యాక సోకితే 5 శాతం లోపు మందిలోనే అలా జరుగుతుంది. పుట్టిన 24 గంటల్లోపు మొదటి డోసు వేయమని వైద్యులు చెప్పేది ఇందుకే.

ఆ టీకాను దేశీయంగా తొలిసారి తయారుచేసింది హైదరాబాద్ సంస్థ శాంతా బయోటెక్నిక్స్. కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన ఆ సంస్థ 1997లో షాన్‌వాక్-బిని విడుదల చేసింది. వైరస్ పైపొరలోని ప్రోటీన్‌ను ఈస్ట్ కణాల్లో తయారుచేసి ఈ టీకా రూపొందించారు. అందులో వైరస్ ఉండదు కాబట్టి జబ్బు రాదు, శరీరానికి గుర్తు మాత్రం మిగులుతుంది. కార్ నికోబార్ గ్రామాల్లో టీకా ఇచ్చాక ఐసీఎంఆర్ పరిశోధకులు ఏళ్ల తరబడి ఆ రక్షణ ఎంతవరకు నిలిచిందో పరిశీలించారు. యాంటీబాడీలు కాలంతో తగ్గుతాయి. అయినా జ్ఞాపక కణాలు మిగిలి ఉంటాయి కాబట్టి రక్షణ చాలాకాలం కొనసాగుతుంది.

పరిశోధనకూ ఒక హద్దు

రక్తం తీయాలంటే ముందు దగ్గరకు వెళ్లాలి. వెళ్లడం వల్లే వైరస్ అంటుకోవచ్చు. ఉత్తర సెంటినల్ దీవిలోని సెంటినలీలకు ఈ ప్రశ్న సూటిగా వర్తిస్తుంది. 1956 నాటి ఆదివాసీ తెగల రక్షణ నిబంధనల ప్రకారం రక్షిత ప్రాంతాల్లోకి అనుమతి లేకుండా ఎవరూ వెళ్లకూడదు. తెగ మొత్తానికి సూది వేయడం సాధ్యం కానప్పుడు, వారి చుట్టూ తిరిగే ఉద్యోగులు, డ్రైవర్లు, గ్రామస్థులకు టీకాలు వేసి రక్షణ వలయం కట్టడమే మిగిలిన మార్గం.

శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఆ వలయంలో భాగమే. పిల్లలకు టీకాలన్నీ సమయానికి వేయించడం, జలుబో జ్వరమో ఉన్నప్పుడు ఆదివాసీ ప్రాంతాల వైపు వెళ్లకపోవడం, జారవాల అభయారణ్యం మీదుగా సాగే అండమాన్ ట్రంక్ రోడ్డులో వాహనం ఆపకపోవడం ఎవరైనా చేయగల పనులే.