విదేశీ జీవిత భాగస్వామి స్వదేశంలో నివాసానుమతి

ఒక దేశపు పౌరుడు లేదా పౌరురాలు వేరొక దేశస్థులను వివాహమాడి, ఆ భాగస్వామి స్వదేశంలో స్థిరపడుటకు ఆ దేశ ప్రభుత్వం నుండి పొందవలసిన అనుమతిని భాగస్వామి నివాసానుమతి అందురు. వివాహం వలన ఈ అనుమతి దానంతట అదే రాదు. వివాహం దరఖాస్తు చేసుకొనుటకు అర్హతను మాత్రమే ఇస్తుంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల నుండి విద్య, ఉద్యోగాల నిమిత్తం విదేశాలకు వెళ్ళినవారిలో అక్కడివారిని వివాహమాడినవారికి ఈ విషయం రెండు విధాలుగా ఎదురవుతుంది. భార్యాభర్తలు విదేశంలో స్థిరపడదలచినచో ఆ దేశపు చట్టం, స్వస్థలానికి తిరిగి రాదలచినచో భారతదేశ చట్టం వర్తిస్తాయి. రెండవ సందర్భంలో విదేశీయులైన కోడలికి లేదా అల్లుడికి భారతదేశమే "భాగస్వామి స్వదేశం" అవుతుంది.

ఆధార వీసాకు, భాగస్వామి నివాసానుమతికి భేదం

ఈ రెంటినీ ఒకటిగా భావించుట సాధారణంగా జరిగే పొరపాటు. అమెరికాలో హెచ్-1బి వీసాపై పనిచేయు భారతీయుని భార్యకు లభించేది హెచ్-4 వీసా. అది భర్త ఉద్యోగంపై ఆధారపడినది. భర్త ఉద్యోగ వీసా ముగిసినచో అదియును ముగియును. కువైట్ వంటి గల్ఫ్ దేశాలలో పనిచేయువారు తమ కుటుంబానికి తెప్పించే వీసా కూడా ఈ తరగతిలోనిదే. భాగస్వామి నివాసానుమతి దీనికి భిన్నమైనది. ఇది ఆ దేశపు పౌరుని లేదా శాశ్వత నివాసిని వివాహమాడినందున లభిస్తుంది. ఉద్యోగంతో దీనికి సంబంధం లేదు. సాధారణంగా ఇది శాశ్వత నివాసానికి, ఆపై పౌరసత్వానికి దారి తీస్తుంది.

చరిత్ర

ఇరవయ్యవ శతాబ్దం తొలి దశకాలలో పెక్కు దేశాలలో భార్య జాతీయత భర్త జాతీయతను అనుసరించేది. అమెరికాలో 1907 నాటి చట్టం ప్రకారం విదేశీయుని పెండ్లాడిన అమెరికన్ స్త్రీ తన పౌరసత్వాన్ని కోల్పోయేది. 1922 నాటి కేబుల్ చట్టం ఈ నియమాన్ని చాలవరకు తొలగించినది. వివాహం వలన స్త్రీ జాతీయత దానంతట అదే మారరాదన్న సూత్రాన్ని ఐక్యరాజ్య సమితి 1957 నాటి ఒడంబడికలో చేర్చినది.

బ్రిటిష్ పాలనా కాలంలో మదనపల్లె ప్రాంతానికి పలువురు విదేశీయులు వచ్చి నివసించారు. 1915 లో భారతదేశానికి వచ్చిన ఐర్లండు దంపతులు జేమ్స్ కజిన్స్, మార్గరెట్ కజిన్స్ మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలతో అనుబంధం కలిగియుండిరి. 1919 లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో ఉన్నప్పుడు "జనగణమన" గీతానికి స్వరలిపి రచనలో మార్గరెట్ కజిన్స్ పాలుపంచుకున్నది. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ చికిత్సాలయాన్ని డెన్మార్కు దేశస్థుడైన డాక్టర్ ఫ్రిమోట్ మోలర్ చాలాకాలం నడిపించెను. ఐర్లండు నాడు బ్రిటిష్ సామ్రాజ్యంలో భాగం గనుక కజిన్స్ దంపతులు విదేశీయులుగా పరిగణింపబడలేదు. విదేశీయుల నమోదు చట్టం 1939 లో, విదేశీయుల చట్టం 1946 లో వచ్చినవి. ఈ రెండు చట్టాల స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుండి "వలస మరియు విదేశీయుల చట్టం, 2025" అమలులోనికి వచ్చినది.

1955 నాటి భారత పౌరసత్వ చట్టం తొలుత భారతీయుల భార్యలకు మాత్రమే వివాహం ద్వారా పౌరసత్వ నమోదుకు అవకాశం ఇచ్చినది. భారతీయ స్త్రీని పెండ్లాడిన విదేశీయునికి ఆ అవకాశం లేకుండెను. 1986 సవరణతో ఈ భేదం తొలగిపోయి స్త్రీ పురుషులిద్దరికీ ఒకే నియమం ఏర్పడినది.

వివాహ నమోదు

ఏ దేశంలో దరఖాస్తు చేసినను మొదట అడుగబడేది వివాహ ధ్రువపత్రం. పెండ్లి పత్రిక, ఛాయాచిత్రాలు, ఆలయం వారిచ్చిన రసీదు దీనికి ప్రత్యామ్నాయం కావు.

హిందూ వివాహ చట్టం (1955) వధూవరులిద్దరూ హిందువులైనప్పుడే వర్తిస్తుంది. పుంగనూరు సమీపంలోని బోయకొండ గంగమ్మ సన్నిధిలోనో, తిరుమలలోనో శాస్త్రోక్తంగా పెండ్లి జరిగినప్పటికీ వధూవరులలో ఒకరు అన్యమతస్థులైనచో ఆ చట్టం క్రింద నమోదు కుదరదు. అట్టివారికి ప్రత్యేక వివాహ చట్టం (1954) ఉన్నది. దాని ముఖ్య నియమాలు ఇవి:

* వధూవరులలో ఒకరైనను నోటీసు ఇచ్చుటకు ముందు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండవలెను.
* నోటీసు ప్రకటించిన తరువాత 30 రోజుల గడువు ఉంటుంది. ఆ లోపల అభ్యంతరాలు తెలుపవచ్చును.
* నోటీసు ఇచ్చిన నాటి నుండి మూడు నెలలలోపు వివాహం జరుగవలెను. లేనిచో మరల నోటీసు ఇవ్వవలెను.
* వరునికి 21, వధువుకు 18 సంవత్సరాలు నిండి ఉండవలెను.
* ముగ్గురు సాక్షులు సంతకం చేయవలెను.

అంతకుముందే సంప్రదాయ రీతిలో జరిగిన వివాహాన్ని సైతం ఈ చట్టంలోని 15 వ సెక్షను క్రింద నమోదు చేయించుకొనవచ్చును. విదేశీయులు తాము అవివాహితులమని తమ దేశ రాయబార కార్యాలయం నుండి పత్రం తెచ్చుట అవసరమగును. నోటీసు గడువును, విదేశీయుని వీసా గడువును సరిచూసుకొనకుండా కొద్ది రోజుల సెలవుపై వచ్చినవారికి నమోదు పూర్తికాకుండానే తిరుగు ప్రయాణం తప్పదు.

కుప్పం పట్టణం ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల కూడలిలో ఉన్నది. ఇక్కడివారు పలువురు బెంగుళూరులో ఉద్యోగాలు చేయుదురు. ఎక్కడ 30 రోజుల నివాసం ఉన్నదో అక్కడి వివాహాధికారి వద్దనే నోటీసు ఇవ్వవలెను గాని, దగ్గరగా ఉన్నదని పొరుగు రాష్ట్రపు కార్యాలయంలో ఇచ్చుటకు వీలులేదు.

భారతదేశంలో నివాసం

ప్రవేశ వీసా: భారత పౌరుని విదేశీ భాగస్వామికి ఎక్స్-2 అనే ప్రవేశ వీసా లభిస్తుంది. పర్యాటక వీసా వంటి వేరొక వీసాపై వచ్చి ఇక్కడ వివాహమాడినవారు దానిని ఎక్స్-2 వీసాగా మార్చమని కోరవచ్చును.

నమోదు: 180 రోజులకు మించిన వీసాపై వచ్చినవారు సాధారణంగా 14 రోజులలోపు విదేశీయుల నమోదు అధికారి వద్ద నమోదు చేయించుకొనవలెను. పెద్ద నగరాలలో ఇందుకు ఎఫ్.ఆర్.ఆర్.ఓ. కార్యాలయాలు ఉన్నవి. మిగిలిన జిల్లాలలో జిల్లా పోలీసు సూపరింటెండెంటు ఈ బాధ్యత వహించును. 2018 నుండి ఈ సేవలు ఇ-ఎఫ్.ఆర్.ఆర్.ఓ. ద్వారా అంతర్జాలంలో లభిస్తున్నవి. దరఖాస్తు ఏ కార్యాలయానికి వెళ్ళునన్నది వాస్తవ నివాసాన్ని బట్టి ఉంటుంది. కుప్పంలో సొంత ఇల్లు ఉన్నప్పటికీ దంపతులు బెంగుళూరులో కాపురముంటే అది బెంగుళూరు కార్యాలయ పరిధిలోనికి వస్తుంది. విదేశీయులకు వసతి ఇచ్చువారు ఆ సంగతిని అధికారులకు తెలుపవలసి ఉంటుంది.

ఓసీఐ కార్డు: పౌరసత్వ చట్టంలోని 7ఎ సెక్షను ప్రకారం భారత పౌరుని విదేశీ భాగస్వామి ఓవర్సీస్ సిటిజెన్ ఆఫ్ ఇండియా కార్డుకు దరఖాస్తు చేయవచ్చును. వివాహం నమోదై, దరఖాస్తు నాటికి కనీసం రెండు సంవత్సరాలు నిరంతరాయంగా కొనసాగి ఉండవలెను. భద్రతా విభాగాల పరిశీలన కూడా జరుగును. పాకిస్తాన్, బంగ్లాదేశ్ దేశాల పౌరులుగా ఉన్నవారికి, వారి సంతతికి ఇది వర్తించదు. 2015 జనవరి నుండి పూర్వపు పీఐఓ కార్డు పథకం ఇందులో విలీనమైనది.

ఓసీఐ కార్డు గలవారు జీవితాంతం వీసా లేకుండా ఎన్నిమార్లైనను రావచ్చును, ఎంతకాలమైనను నివసించవచ్చును. నమోదు అవసరం ఉండదు. కాని ఓటు హక్కు లేదు. ఎన్నికలలో పోటీ చేయరాదు. వ్యవసాయ భూమి కొనరాదు. మదనపల్లె చుట్టుప్రక్కల టమాటా తోటలు గల కుటుంబంలోని విదేశీ కోడలు తన పేరిట ఇల్లు కొనవచ్చును గాని పొలం కొనజాలదు. మత ప్రచారం, పత్రికా రచన, పరిశోధన వంటి పనులకు ప్రత్యేక అనుమతి పొందవలెనని 2021 మార్చి 4 నాటి ప్రకటన తెలుపుచున్నది.

వివాహం న్యాయస్థానంలో రద్దయినను, వివాహం కొనసాగుచుండగా వేరొకరిని పెండ్లాడినను భాగస్వామిగా పొందిన ఓసీఐ కార్డు రద్దు కావచ్చును.

పౌరసత్వం: భారత పౌరుని వివాహమాడి, దరఖాస్తుకు ముందు ఏడు సంవత్సరాలు భారతదేశంలో నివసించినవారు నమోదు ద్వారా పౌరసత్వం కోరవచ్చును. భారతదేశం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. కావున పూర్వ పౌరసత్వాన్ని వదులుకొనవలెను.

విదేశీయులకు రాజ్యాంగంలోని 21 వ అధికరణం క్రింద జీవన, స్వేచ్ఛా రక్షణ ఉన్నప్పటికీ, 19 వ అధికరణం ఇచ్చే నివాస హక్కు పౌరులకే పరిమితమని సుప్రీంకోర్టు 1991 లో లూయీ డి రేట్ కేసులో తీర్పు చెప్పినది. ఎంతకాలం ఇక్కడ నివసించినను అనుమతి లేనిదే నివాసం హక్కు కాదని దీని భావం.

విదేశాలలో నివాసం

అమెరికా: అమెరికా పౌరుడు తన భాగస్వామి కొరకు ఐ-130 పత్రం దాఖలు చేయును. పౌరుల భాగస్వాములకు వార్షిక సంఖ్యా పరిమితి లేదు. పోషణ బాధ్యతను తెలిపే ఐ-864 ప్రమాణపత్రం కూడా ఇవ్వవలెను. శాశ్వత నివాసం లభించే నాటికి వివాహమై రెండేళ్ళు నిండనిచో రెండేళ్ళ షరతులతో కూడిన గ్రీన్ కార్డు ఇత్తురు. అది ముగియుటకు ముందు 90 రోజులలో దంపతులిద్దరూ కలిసి ఐ-751 దాఖలు చేయవలెను. పౌరునితో కలిసి జీవించుచున్నవారు మూడు సంవత్సరాల శాశ్వత నివాసం తరువాత పౌరసత్వం కోరవచ్చును.

బ్రిటన్: మొదట 33 నెలల అనుమతి, పిమ్మట 30 నెలల పొడిగింపు, ఐదు సంవత్సరాల తరువాత శాశ్వత నివాసానికి దరఖాస్తు అనే క్రమం ఉన్నది. కనీస వార్షికాదాయం 2012 లో 18,600 పౌండ్లుగా ఉండగా, 2024 ఏప్రిల్ 11 నుండి 29,000 పౌండ్లుగా నిర్ణయించబడినది. ఆంగ్ల భాషా పరీక్ష కూడా అవసరం.

జర్మనీ: సాధారణంగా బయలుదేరుటకు ముందే జర్మన్ భాషలో ఎ1 స్థాయి ఉత్తీర్ణత చూపవలెను. జర్మన్ పౌరుని భాగస్వామి మూడు సంవత్సరాల తరువాత స్థిర నివాసానుమతి కోరవచ్చును.

కెనడా: భాగస్వామికి నేరుగా శాశ్వత నివాసం ఇచ్చుదురు. రెండేళ్ళు కలిసి జీవించవలెనన్న షరతు 2017 ఏప్రిల్ లో తొలగించబడినది.

పత్రాలు, పేర్ల సమస్య

తెలుగువారి పేర్లలో ఇంటిపేరు ముందు వచ్చుట, పాఠశాల రికార్డులలో పొడి అక్షరాలు మాత్రమే ఉండుట, వివాహానంతరం స్త్రీల ఇంటిపేరు మారుట వలన పత్రాల మధ్య పొంతన కుదరదు. పదవ తరగతి ధ్రువపత్రం, పాస్ పోర్టు, ఆధార్, వివాహ ధ్రువపత్రం ఈ నాలుగింటిలో పేరు, పుట్టిన తేదీ ఒకే విధంగా ఉన్నదో లేదో దరఖాస్తుకు ముందే సరిచూసుకొనవలెను. పల్లెలలో జన్మించిన పెద్దవారికి జనన నమోదు ఉండకపోవచ్చును. సంవత్సరం దాటిన ఆలస్య నమోదుకు 2023 సవరణ ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు లేదా జిల్లా మేజిస్ట్రేటు నియమించిన అధికారి ఉత్తర్వు కావలెను. 2022 నుండి జిల్లా, రెవెన్యూ డివిజన్ల హద్దులు మారినందున ఏ గ్రామం ఏ కార్యాలయ పరిధిలో ఉన్నదో ముందుగా తెలిసికొనుట మంచిది.

భారతీయ పత్రాలు విదేశాలలో చెల్లుటకు విదేశాంగ మంత్రిత్వ శాఖ అపోస్టిల్ ముద్ర ఉపయోగపడును. భారతదేశంలో ఈ ఒడంబడిక 2005 జూలై 14 నుండి అమలులో ఉన్నది.

పిల్లల పౌరసత్వం

2004 డిసెంబరు 3 నుండి భారతదేశంలో పుట్టిన శిశువుకు జన్మతః పౌరసత్వం రావలెనన్న తల్లిదండ్రులిద్దరూ భారతీయులు కావలెను, లేదా ఒకరు భారతీయులై రెండవవారు అక్రమ వలసదారు కాకుండవలెను. వీసా గడువు దాటి ఉన్నవారు సైతం చట్టప్రకారం అక్రమ వలసదారులే. కావున విదేశీ భాగస్వామి వీసా పొడిగింపును అశ్రద్ధ చేయుట పుట్టబోవు బిడ్డ పౌరసత్వానికే ముప్పు తెచ్చును. విదేశంలో జన్మించిన శిశువును భారత పౌరునిగా నమోదు చేయించుటకు ఒక సంవత్సరంలోపు అక్కడి భారత రాయబార కార్యాలయంలో దరఖాస్తు చేయవలెను.

వివాహం చెడిన సందర్భాలు

నివాసానుమతి భాగస్వామి సంతకంపై ఆధారపడినందున దానిని బెదిరింపుగా వాడుకొనుట కూడా కలదు. దీనిని గుర్తించి కొన్ని దేశాలు రక్షణలు కల్పించినవి. అమెరికాలో 1994 నాటి స్త్రీలపై హింస నిరోధక చట్టం ప్రకారం పౌరుని లేదా శాశ్వత నివాసి చేతిలో హింసకు గురైనవారు, భార్య అయినను భర్త అయినను, స్వయంగా దరఖాస్తు చేయవచ్చును. షరతుల గ్రీన్ కార్డు గలవారు విడాకులు లేదా హింస కారణంగా ఐ-751 ను ఒంటరిగా దాఖలు చేయవచ్చును. బ్రిటన్ లోనూ గృహహింస బాధితులైన భాగస్వాములు స్వతంత్రంగా శాశ్వత నివాసం కోరవచ్చును. ప్రవాస భారతీయ వివాహాల ఫిర్యాదుల కొరకు జాతీయ మహిళా కమిషన్ లో 2009 నుండి ప్రత్యేక విభాగం పనిచేయుచున్నది. ప్రవాసాంధ్రుల సహాయార్థం రాష్ట్ర ప్రభుత్వ ఆధ్వర్యంలో ఏపీఎన్ఆర్టీ సొసైటీ ఉన్నది.

పాస్ పోర్టు, వివాహ ధ్రువపత్రం, నివాసానుమతి పత్రాల నకళ్ళను పుట్టింటివారి వద్ద కూడా ఉంచుట ఇట్టి సందర్భాలలో ఎంతో ఉపకరించును.

ఇవి కూడా చూడండి

* భారత పౌరసత్వం
* ప్రత్యేక వివాహ చట్టం
* మదనపల్లె
* పుంగనూరు
* కుప్పం
* మార్గరెట్ కజిన్స్